గోదామును ఇల్లుగా మార్చుకోవాలంటే: ఏ పని ముందు, ఏ పని తర్వాత

"పాత గోదాము ఒకటి చూశాను. గోడలు గట్టిగానే ఉన్నాయి, ఎత్తు బాగుంది. ఇల్లుగా మార్చుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న పదేపదే వస్తోంది కాబట్టి ఒకేచోట వివరంగా రాస్తున్నాను.

మార్చుకోవచ్చు. కానీ అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆలోచన అలంకరణ దగ్గర మొదలవుతుంది. ఇటుక గోడను అలాగే వదిలేద్దామా, ఇనుప దూలాలకు ఏ రంగు వేద్దాం, మెట్లు ఎటు పెడదాం అని. అవన్నీ చివర్లో చేసుకునే పనులు. గోదామును సరుకు కోసం కట్టారు. అందులో మనిషి ఉండాలంటే ఎండా చలీ అదుపులో ఉండాలి, మురుగు బయటికి పోవాలి, రాత్రిపూట మంటలు లేస్తే బయటపడే దారి ఉండాలి. ఈ మూడూ తేలాకే మిగతావి.

ఇంకో మాట ముందే చెబుతాను, కింద రాసినవన్నీ దాని మీదే నడుస్తాయి. షెడ్డు మొత్తాన్ని ఇల్లు చేయాలనుకోకండి. అందులో కొంత భాగాన్ని పక్కాగా ఇల్లు చేసుకోండి, మిగతాది నీడపట్టున ఉన్న పెద్ద వరండాలా వదిలేయండి. డబ్బు అయిపోయి సగంలో ఆగిపోయిన పనులు చాలావరకు ఈ ఒక్క నిర్ణయం తీసుకోక ఆగినవే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- స్థలం కాగితాలు, పాత ప్లాన్లు, అంతకుముందు అక్కడ ఏ పని జరిగేదో తెలిపే ఆధారాలు
- స్ట్రక్చరల్ ఇంజినీరు (మేస్త్రీ అనుభవం దీనికి సరిపోదు)
- ఆర్కిటెక్టు, లేదా మీ ఊరి భవన నిబంధనలు తెలిసిన డిజైనర్
- లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్, ప్లంబర్
- కొలతల టేపు, రసమట్టం, మంచి టార్చి, సుద్దముక్కలు, మందపాటి ప్లాస్టిక్ షీటు, టేపు
- అనుకున్న బడ్జెట్‌కు పైన విడిగా తీసిపెట్టిన కొంత సొమ్ము. పాత షెడ్డులో నేల తవ్వేదాకా బయటపడని ఖర్చులు తప్పకుండా ఉంటాయి.

1. కొనకముందే అనుమతి సంగతి తేల్చుకోండి

గోదాముగా నమోదైన కట్టడంలో కాపురం ఉండాలంటే దాదాపు ప్రతిచోటా వినియోగ మార్పిడి అనుమతి కావాలి. ఆ ప్రాంతం పూర్తిగా పారిశ్రామికమని గీసి ఉంటే అది అసలు రాకపోవచ్చు. "అందరూ ఉంటున్నారు, ఎవరూ అడగరు" అనే మాట నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి. న్యూయార్క్‌లోని సోహోలో ఖాళీ అయిన ఫ్యాక్టరీ అంతస్తుల్లో కళాకారులు 1960లలో ఇలాగే చాటుగా కాపురాలు పెట్టారు. అక్కడ 1971లో కొంత వెసులుబాటు వచ్చింది. అలాంటి ఇళ్లలో ఉండేవాళ్ల రక్షణకు లాఫ్ట్ చట్టం 1982లో గానీ రాలేదు. అన్నేళ్లూ ఎప్పుడు ఖాళీ చేయమంటారోనన్న టెన్షన్ తప్పలేదు.

నోటిమాటగా సరేనంటే సరిపోదు, రాతపూర్వకంగా తీసుకోండి. బ్యాంకునూ బీమా కంపెనీనీ కూడా ఇప్పుడే అడగండి. నివాసంగా గుర్తింపు లేని కట్టడానికి ఇంటి రుణం, ఇంటి బీమా దొరకడం కష్టం. పని జరుగుతున్నన్నాళ్లూ ఖాళీగా ఉండే కట్టడానికి బీమా వేరుగా తీసుకోవాలి.

2. ఆ చోట ఇంతకుముందు ఏం జరిగేదో కనుక్కోండి

ధాన్యం బస్తాలు పెట్టిన గోదాము, లోహపు భాగాలు కడిగిన గోదాము పైకి ఒకేలా కనిపిస్తాయి. లోపల చాలా తేడా ఉంటుంది. లోహాల జిడ్డు వదిలించడానికి, బట్టల డ్రైక్లీనింగుకు వాడిన ద్రావకాలు కాంక్రీటు కిందికి ఇంకి, ఏళ్ల తర్వాత కూడా పగుళ్లలోంచి ఆవిరిగా ఇంట్లోకి వస్తాయి. నేల మీద నల్లటి నూనె మరకలు, పూడ్చేసిన గుంతలు, భూమిలో ట్యాంకు ఉన్నట్టు చెప్పే మూతలు, గొట్టాలు కనిపిస్తే మట్టి పరీక్ష, నేల మీది కాంక్రీటు స్లాబు కింది ఆవిరి పరీక్ష చేయించకుండా ముందుకు వెళ్లకండి.

జాగ్రత్త: ఈ మూడింటిని మీరు సొంతంగా ముట్టుకోవద్దు.

పాత సిమెంటు రేకుల్లో, గొట్టాల మీది చుట్టల్లో, పాత నేల పలకల్లో ఆస్బెస్టాస్ (దుమ్ముగా పీలిస్తే ఊపిరితిత్తులకు ముప్పు తెచ్చే నారలాంటి ఖనిజం) ఉండొచ్చు. అది లేదని ల్యాబు చెప్పేదాకా ఉందనే అనుకోండి. డ్రిల్లు పెట్టకండి, విరగ్గొట్టకండి, పొడి చీపురుతో ఊడ్చకండి. ఇనుప స్తంభాల మీద పాత ఎర్ర ప్రైమరు కనిపిస్తే అందులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని పొడిగా గీకడం, మంటతో కాల్చడం రెండూ ప్రమాదమే. ఇక పాత ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్ల నూనెలో పీసీబీలు (ఒంటికి హాని చేసే పాత రసాయనాలు) ఉండొచ్చు. ఈ మూడూ తీయడానికి లైసెన్సు ఉన్నవాళ్లను పిలవండి.

3. కట్టడం ఎంత బరువు మోస్తుందో లెక్క కట్టించండి

ఇక్కడ చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. "గోదాము కదా, ఎంత బరువైనా మోస్తుంది" అంటారు. నేల విషయంలో అది చాలావరకు నిజమే. ఇంటి సామాను కంటే ఎన్నో రెట్ల బరువు కోసం ఆ స్లాబు పోశారు. పైకప్పు సంగతి పూర్తిగా వేరు. ట్రస్సులనూ (కప్పును మోసే చట్రాలు), పర్లిన్లనూ (వాటి మీద రేకులు బిగించే అడ్డ కమ్ములు) పల్చటి రేకుల్ని మోసేంత బలంతోనే చేసి ఉంటారు. మీరు దానికి ఇన్సులేషన్, జిప్సం సీలింగు, ఫ్యాన్లు, సోలార్ ప్యానెళ్లు అన్నీ వేలాడదీస్తామంటే అది ఆ బరువుకు కట్టింది కాదు. కొత్తగా ఏమేం వేలాడబోతున్నాయో ఒక జాబితా రాసి ఇంజినీరుకు ఇవ్వండి. "ఎంత మోస్తుంది" అని అడిగితే సమాధానం గుండుగుత్తగా వస్తుంది. "ఇవి మోస్తుందా" అని అడిగితే లెక్క వస్తుంది.

తలకు తగులుతోందనో, చూపుకు అడ్డమనో ట్రస్సు కింది అడ్డ కడ్డీని కోసేయకండి. రెండు గోడలు బయటికి తన్నుకోకుండా పట్టి ఉంచేది అదే. గోడ మూలల మధ్య ఏటవాలుగా కనిపించే కడ్డీలు కూడా గాలికి షెడ్డు ఒరిగిపోకుండా పెట్టినవి. వాటి చోట కిటికీ కావాలంటే ముందు ఇంజినీరు ఇంకో ఏర్పాటు చూపించాలి.

4. పైకప్పు: మొదటి పెద్ద ఖర్చు ఇక్కడే పెట్టండి

మంచి ఎండ ఉన్న మధ్యాహ్నం లోపలికి వెళ్లి షట్టర్లు దించి, లైట్లు ఆర్పి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. తర్వాత పైకి చూడండి. రేకులకు ఎక్కడెక్కడ చిల్లులున్నాయో వెలుగు చుక్కలుగా కనిపిస్తాయి. ఒక్కో చుక్కకు సరిగ్గా కింద నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. వాన పడుతున్న రోజు మళ్లీ వెళ్లి నీటి చుక్కలు ఎక్కడ పడుతున్నాయో చూడండి. సుద్ద గుర్తుకూ నీటి చుక్కకూ మధ్య దూరం ఉంటే నీరు పర్లిన్ వెంట పారి అక్కడికి వచ్చిందన్నమాట. చిల్లు వాలుకు పైవైపున ఉంటుంది, అటు వెతకండి. స్క్రూల కింది రబ్బరు వాషర్లు ఎండి పగిలి ఉంటే విడివిడిగా అతుకులు వేయడం దండగ, మొత్తం మార్చండి.

వానలో ఒక్క చుక్కా లేకుండా, చలి తెల్లవారుజామున మాత్రం రేకుల నుంచి నీరు కారుతుంటే అది లీకు కాదు, లోపలి గాలిలోని తేమ. 25 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న గాలి, సుమారు 17 డిగ్రీల కంటే చల్లగా ఉన్న రేకును తాకితే నీరైపోతుంది. సరుకున్న రోజుల్లో ఈ సమస్య అంతగా ఉండకపోవచ్చు. మీరు వంట, స్నానాలు మొదలుపెట్టాక వస్తుంది. దీన్ని సీలింగు వేసి కప్పేస్తే లోపల ఇనుము తుప్పు పడుతుంది, చెక్క బూజు పడుతుంది, మీకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

దీనికి మార్గాలు రెండు.

మొదటిది, ఇన్సులేషన్‌ను పాత కప్పు పైన పరిచి, దాని మీద కొత్త రేకు వేయడం. ట్రస్సులు లోపలికి అందంగా కనిపిస్తాయి, ఇనుము గది ఉష్ణోగ్రతలోనే ఉంటుంది, నీరు పట్టదు. ఖర్చు ఎక్కువ. ఇంజినీరు సరేనంటే నేను దీనికే ఓటేస్తాను.

రెండోది, లోపలి నుంచి వేయడం. గ్లాస్ వూల్, రాక్ వూల్ అయితే తేమ వాటిని దాటి రేకును చేరకుండా ఆవిరి అడ్డు పొర ఉండాలి. చలి దేశాల్లో ఆ పొర గది వైపు ఉండాలి. ఎప్పుడూ ఉక్కగా ఉండి ఏసీ ఎక్కువగా నడిచే చోట బయటి వైపు ఉండాలి. ఇది తిరగబడితే పొర లేనిదానికంటే ఎక్కువ చేటు. స్ప్రే ఫోమ్ కొట్టిస్తే దాన్ని బయటికి కనబడేలా వదలకండి. అది మండే పదార్థం, మీద జిప్సం బోర్డు లాంటి కవచం తప్పనిసరి.

ఎండ ఎక్కువ ఉండే చోట పైన తెల్లటి పరావర్తన పూత, కొప్పు దగ్గర వేడిగాలి పోయే దారి, ఈ రెండూ ఇన్సులేషన్‌కు ముందే చేయించండి. తక్కువ ఖర్చుతో తేడా వెంటనే తెలుస్తుంది.

5. నేలలో చెమ్మ పరీక్ష

పాత గోదాముల్లో స్లాబు కింద ప్లాస్టిక్ పొర చాలాసార్లు ఉండదు. 45 సెం.మీ. పొడవు, అంతే వెడల్పు ఉన్న మందపాటి ప్లాస్టిక్ ముక్కను నేల మీద పరిచి నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపు వేయండి. ఒక రోజంతా వదిలేసి తీయండి. అడుగున నీటి బొట్లుంటే, లేదా కాంక్రీటు రంగు ముదిరి ఉంటే కింది నుంచి చెమ్మ వస్తోంది. గోడ పక్కన, మధ్యలో, పాత గుంతల దగ్గర, ఇలా నాలుగైదు చోట్ల చేయండి. ఒక్కచోట పొడిగా ఉందని నేలంతా పొడి అనుకోవద్దు. చెక్క ఫ్లోరింగ్ వేయబోతుంటే దీంతో ఆగకుండా కాంక్రీటులో రంధ్రం చేసి లోపలి తేమ కొలిచే పరీక్ష చేయించండి. 75 శాతం దాటితే చెక్క మాట అప్పుడే ఎత్తకండి.

మురుగు గొట్టాల కోసం తవ్వి మళ్లీ పోసిన కాంక్రీటు కూడా ఇంతే. 10 సెం.మీ. మందం పూర్తిగా ఆరడానికి వంద రోజుల పైనే పట్టొచ్చు. తొందరపడి పైన వినైల్ అతికిస్తే బుడగలు లేస్తాయి.

6. గీత గీయడం: ఎక్కడ ఇల్లు, ఎక్కడ ఖాళీ

ఇప్పుడు ప్లాన్. పడక గదులు, స్నానాల గదులు, ఒక చిన్న కూర్చునే గది, ఇవన్నీ తక్కువ ఎత్తు సీలింగుతో, సొంత గోడలతో, షెడ్డు లోపల ఇంకో పెట్టెలా కట్టండి. వేడి చేసినా చల్లబరిచినా ఆ పెట్టెనే. మిగిలిన పెద్ద హాలులో ఫ్యాన్లు, కిటికీలు చాలు. ఎత్తైన చోట వేడిగాలి పైకి చేరిపోతుంది కాబట్టి మొత్తం హాలుకు హీటరు పెడితే వెచ్చగా ఉండేది కప్పు, మీరు కాదు.

వెలుతురు లెక్క ఒకటి గుర్తుంచుకోండి. కిటికీ పై అంచు ఎంత ఎత్తులో ఉందో దానికి రెండు, రెండున్నర రెట్ల దూరం వరకే పగటి వెలుగు పనికొచ్చేలా లోపలికి వస్తుంది. పై అంచు 2.4 మీటర్లయితే సుమారు 5–6 మీటర్లు. 20 మీటర్ల వెడల్పున్న షెడ్డుకు రెండు వైపులా కిటికీలు పెట్టినా నడుమ 8 మీటర్లు చీకటే. ఆ నడిమి భాగానికి కప్పులో అద్దాలు పెట్టండి, లేదా సామాను గది, స్నానాల గదులు అక్కడికి జరపండి. ఇంకా ధైర్యముంటే కొంత కప్పు తీసేసి లోపల చిన్న పెరడు వదలండి. నా ఉద్దేశంలో పెద్ద గోదాముకు అంతకంటే మేలు చేసే మార్పు లేదు. వాస్తుశిల్పి రికార్డో బోఫిల్ 1973లో బార్సిలోనా దగ్గర ఒక పాత సిమెంటు ఫ్యాక్టరీని ఇల్లు, ఆఫీసుగా మార్చుకున్నప్పుడు కూడా ముందు కూల్చి ఖాళీ చేసిన తర్వాతే కట్టారు.

ప్లాన్ కాగితం మీద నచ్చాక నేల మీద అసలు కొలతల్లో సుద్దతో గీయండి. మంచం ఎంత, తలుపు ఎటు తెరుచుకుంటుంది, పొయ్యి నుంచి సింకుకు ఎన్ని అడుగులు, అన్నీ గీసి అందులో నడవండి. పెద్ద షెడ్డులో ప్రతి గదీ చిన్నదిగా అనిపించి గీత జరపాలనిపిస్తుంది. మీరు ఇప్పుడుంటున్న గది కొలతలతో పోల్చి చూసుకున్నాకే జరపండి.

7. మురుగు గొట్టాలు

వంటగది ఈ మూల, బాత్రూం ఆ మూల పెట్టడం అందరూ చేసే తప్పు. 100 మి.మీ. మురుగు గొట్టానికి 40కి 1 వాటం తీసుకుంటే, 10 మీటర్ల దూరానికి అది 25 సెం.మీ. కిందికి దిగాలి. 30 మీటర్లయితే 75 సెం.మీ. బయట వీధి మురుగు కాలువ అంత లోతులో లేకపోతే పంపు పెట్టాల్సి వస్తుంది, కరెంటు పోతే అదీ ఆగుతుంది. అందుకే నీటి గదులన్నీ ఒకే గోడకు ఇరువైపులా, మురుగు బయటికి పోయే వైపు పెట్టండి. పైగదిలో బాత్రూం ఉంటే సరిగ్గా కింది బాత్రూం మీద పడాలి. గాలి గొట్టం కప్పు పైకి తీయడం మరవకండి.

జాగ్రత్త: స్లాబు కోసే ముందు స్కాన్ చేయించండి. లోపల బిగించిన ఉక్కు తీగలున్న స్లాబు అయితే తీగ తెగినప్పుడు ప్రాణాలు పోయేంత బలంతో విదిలిస్తుంది. అలాంటి చోట నేల కోయకుండా ఆ గదుల వరకు నేలను ఎత్తు పెంచి, గొట్టాలను ఆ ఎత్తులోంచి పోనివ్వండి. ఒకటి రెండు మెట్లు ఎక్కాల్సి వస్తుంది, అంతే.

8. మధ్య అంతస్తు

మెజనైన్ కోసం ఎత్తు కొలిచేటప్పుడు కొప్పు దాకా కొలవకండి. ట్రస్సు అడుగు భాగం దాకా కొలవండి. కింద 2.4 మీటర్లు, నేల మందం 0.3, పైన 2.2, మొత్తం 4.9 మీటర్లు. అంతకంటే తక్కువుంటే పైన నిలబడే గది రాదు, సామాను అటకగా వాడుకోండి. దాన్ని పాత స్తంభాలకు వెల్డింగు చేసేయడం తేలికే కానీ, సొంత స్తంభాల మీద, సొంత పునాదుల మీద నిలబెట్టడం క్షేమం. స్లాబు మందంగా ఉంది కదా అని స్తంభాన్ని నేరుగా దాని మీద నిలబెట్టొచ్చో లేదో ఇంజినీరే చెప్పాలి.

9. మంటల నుంచి బయటపడే దారి

2016 డిసెంబరు 2న అమెరికాలోని ఓక్లాండ్‌లో ఘోస్ట్ షిప్ అనే గోదాములో మంటలు లేచి 36 మంది చనిపోయారు. అనుమతి లేకుండా జనం కాపురముంటున్న గోదాము అది. పొగ అలారాలు సరిగా లేవు, పైకి వెళ్లే మెట్లలో ఒకటి సరుకు ప్యాలెట్లతో చేసింది. ఈ ఒక్క అధ్యాయంలో మాత్రం ఖర్చు తగ్గించే దారి వెతకకండి.

- బయటికి రెండు దారులుండాలి, రెండూ వేర్వేరు వైపుల. రోలింగ్ షట్టరు ఇందులో లెక్కలోకి రాదు. కరెంటు పోయినా, వేడికి వంగినా అది లేవదు.
- ప్రతి పడక గదిలో, ప్రతి అంతస్తులో ఒకదానితో ఒకటి కలిపిన పొగ అలారాలు. ఎత్తైన హాలులో ఎక్కడ పెట్టాలో నిపుణుల్ని అడగండి. కప్పు దగ్గరి వేడిగాలి పొగను అలారం దాకా చేరనివ్వకపోవచ్చు.
- పడక గదికి మనిషి దూరి బయటపడగల కిటికీ.
- ఉక్కు మండదు గానీ 600 డిగ్రీల దగ్గర బలం దాదాపు సగమైపోతుంది. మధ్య అంతస్తును మోసే ఉక్కుకు వేడికి ఉబ్బి కవచమయ్యే పూత వేయించండి, లేదా బోర్డుతో కప్పించండి.

10. కరెంటు

పాత వైరింగును పూర్తిగా తీసేయించండి. పనిచేస్తోంది కదా అని ఒక్క లైను కూడా ఉంచకండి. త్రీఫేజ్ కనెక్షను ఉంటే ఇంటి అవసరానికి లోడు మార్పించుకోండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, కొత్త ఎర్తింగు తప్పనిసరి. గొట్టాలు గోడ బయట కనిపించేలా వేస్తే గోదాముకు నప్పుతాయి, తర్వాత మార్చుకోవడమూ సులువు.

11. ప్రతిధ్వని

దీన్ని అందరూ మరిచిపోతారు, కాపురానికి వచ్చిన మొదటి రాత్రి గుర్తొస్తుంది. 20 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 6 ఎత్తున్న ఖాళీ హాలులో అన్నీ గట్టి ఉపరితలాలే అయితే ఒక చప్పుడు పూర్తిగా అణగడానికి 5 సెకన్ల దాకా పడుతుంది. అందులో నలుగురు మాట్లాడుకుంటే ఎవరి మాటా తెలియదు. ఒక చిన్న తివాచీ, నాలుగు దిండ్లతో ఇది తీరదు. కప్పు అడుగున శబ్దం పీల్చే ప్యానెళ్లు పెద్ద విస్తీర్ణంలో కావాలి. పైకప్పు పని చేసేటప్పుడే వేయిస్తే పరంజా ఖర్చు ఒక్కసారితో పోతుంది.

12. పాతవాటిలో ఏం ఉంచుకోవాలి

ఇక మీ ఇష్టం. పాత క్రేను పట్టాలు, గోడ మీద వెలిసిన అంకెలు, బరువు తూచిన గుంత, వీటిలో రెండో మూడో ఉంచుకుని మిగతావి తీసేయండి. పాత ఇటుక గోడ ఉంచాలనుకుంటే పొడి పొడిగా రాలకుండా గాలి ఆడే సీలరు వేయండి. ప్లాస్టిక్‌లాంటి మెరుపు పూత వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక ఇటుక పెచ్చులూడుతుంది. బయటి గోడల్లో ఏదో ఒకటి మాత్రమే ఇటుకతో వదలండి. అన్నీ వదిలితే ఇన్సులేషన్ వేసే చోటే ఉండదు.

సామాను దించే ముందు చేయాల్సిన పరీక్షలు

- గట్టి వాన పడే రోజున, లేదా పైపుతో కప్పు మీద ఒక్కో భాగాన్నీ తడుపుతూ, లోపల ఇంకొకరిని నిలబెట్టి చూడండి.
- గాలి ఉన్న రోజున కిటికీలన్నీ మూసి అగరుబత్తి పొగను తలుపు అంచులు, గోడ–కప్పు కలిసే చోట్ల తిప్పండి. పొగ పక్కకు లాగితే అక్కడ సందు ఉన్నట్టే.
- కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి, అన్ని ఫ్లష్‌లూ నొక్కండి. ఎక్కడైనా గుడగుడమంటే గాలి గొట్టంలో లోపముంది.
- ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్, ఒక్కో అలారం బటన్ నొక్కండి. ఒకటి మోగితే అన్నీ మోగాలి.
- రాత్రిపూట మెయిన్ ఆపేసి, ఇంట్లోవాళ్లందరూ చీకట్లో పడక గదుల నుంచి రెండు దారుల్లోనూ బయటికి నడవండి. తడబడిన చోట ఎమర్జెన్సీ లైటు పెట్టించండి.
- చలి తెల్లవారుజామున టార్చితో మూలలు, కిటికీ అంచులు, దూలం గోడను తాకే చోట చూడండి. తడి కనిపిస్తే సీలింగు పూర్తిగా మూయకముందే సరిచేయించండి.

నివాస యోగ్యత పత్రం చేతికి వచ్చాకే మేస్త్రీకి చివరి వాయిదా ఇవ్వండి. గొట్టాలు, వైర్లు ఎక్కడెక్కడ పోతున్నాయో గోడలు మూసే ముందే ఫొటోలు తీసి, పక్కన టేపు పెట్టి కొలత కనిపించేలా దాచుకోండి.